ఎనిమిది వందల గ్రాములు

కాశీబుగ్గలో తెల్లారకముందే
జీడిపిక్కలు కాల్చే పొగ లేస్తుంది.
ఆ పొగలోంచే నడుచుకుంటూ
మేం కాలేజీ గ్రౌండు చేరతాం:
నేను, పోస్టాఫీసు కుసుమకుమారి,
కిరాణా కొట్టు జయంతమ్మ,
ఎందుకొస్తుందో తనకే తెలియని ఆమె కోడలు.

నా ఒంటి మీద చెమట కోటు.
పర్లాకిమిడి సంతలో మూడొందల యాభై.
బయట నలుపు, లోపల ప్లాస్టిక్కు,
తొడుక్కుంటే నేనొక ఉడుకుతున్న చిలగడదుంపని.

"నీళ్లు తాగేవంటే తగ్గిందంతా మళ్లీ ఎక్కేస్తాది"
జయంతమ్మ సిద్ధాంతం అది.
ఆవిడ ప్రతి మాటకీ
పేరు లేని విశాఖ డాక్టరొకడు సాక్షి.
నమ్మేశాను.
నమ్మడం నాకు సులువే,
మా ఇంట్లో నీళ్లు ఎప్పుడో దొంగసొత్తయ్యాయి.

తమ్ముడు ఢిల్లేసుకి రోజుకి అర లీటరు.
సీసా మీద మరదలు స్కెచ్చు పెన్నుతో గీసిన గీతలు.
మాత్రలకింత, అన్నంలోకింత,
అర్ధరాత్రి నాలుక అంగిటికి అంటుకుపోతే ఇంత.
వాడి కంట పడకుండా
మేం తలుపు చాటున తాగుతాం.
గ్లాసుని చప్పుడవకుండా దించుతాం.
ఆరేళ్ల పిల్లకి కూడా
గుటక వినపడకుండా మింగడం వచ్చేసింది.

నాలుగు రౌండ్లు. ఐదు. ఏడు.
సముద్రం మీంచొచ్చే జిడ్డు ఉక్క,
కొబ్బరాకు కూడా కదలదు.
కోటు చేతుల అంచుల్లోంచి
చెమట చినుకులుగా రాలుతుంది.
మెడికల్ షాపు తూకం మిషన్ మీద
వెళ్లేటప్పుడు ఎనభై రెండు,
వచ్చేటప్పుడు ఎనభై ఒకటీ రెండొందలు.
ఎనిమిది వందల గ్రాములు!
జీడిపప్పైతే ఎంత ధర పలికేదో అనుకుంటూ
దారంతా మురిసిపోయేదాన్ని.

మర్నాటికి ఎనభై రెండే ఉండేది.
జయంతమ్మ నా రాత్రి చపాతీల్ని అనుమానించేది.

పది గంటలకల్లా తలలో సుత్తి.
ఆఫీసులో ఫైళ్ల మీద అక్షరాలు చీమలయ్యేవి.
ఉచ్చ చిక్కటి టీ రంగులో వచ్చేది,
ఎవరికీ చెప్పలేదు.
పదకొండో రోజు, ఎనిమిదో రౌండు,
పిక్క రాయిలా బిగుసుకుపోయింది.
ఒకే గోల్‌పోస్టు రెండై,
రెండూ నా మీదకి వంగాయి.

ఆటోలో ఇంటికి తెచ్చి దించారు.
డయాలసిస్‌కి బయల్దేరబోతూ
తమ్ముడు గుమ్మంలో కూచుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఎంత తగ్గీసేవప్పా?"
"ఎనిమిదొందలు."
నవ్వాడు.
"మొన్న బుదారం నాను రెండున్నర కిలోలు తగ్గీసేను,
నాలుగ్గంటలు మంచం మీద తొంగునే.
ఇంటికొచ్చి అద్దంలో సూసుకుంటే నాను నాలాగే ఉన్నాను.
అదంతా నీల్లప్పా.
నీదీ అంతే.
నాకు మిషను పిండుతాది, నీకు కోటు పిండుతాంది.
కొవ్వునెవుడు ముట్టుకున్నాడు?"

నీళ్ల గురించి వాడికి తెలిసినంత
ఈ జిల్లాలో ఎవరికీ తెలియదేమో.
ఎవరూ వాణ్ణి అడగరు, అంతే.

"ఎల్లేముందు ఓ గ్లాసు తాగు.
రెండు రౌండ్లకోపాలి రెండేసి గుక్కలు.
దాహమేసినాక తాగుదునని కూకోకు.
దాహం పాసింజరు బండప్పా, లేటుగానే వస్తాది.
ఎక్కువ సెమట పడితే గంజిలో ఉప్పుకల్లేసుకో.
నాకు కూడదు గానీ, నీకేటి?"

నేను చెంబు పట్టుకుని
అలవాటుగా తలుపు వైపు జరిగాను.

"లోపలికెల్లకు.
నా ముందల తాగు.
గుటక ఇనపడాల."

తాగాను.
మా ఇంట్లో అంత పెద్ద చప్పుడు
ఎన్నాళ్లకి విన్నామో.
వాడు నా గొంతునే చూస్తున్నాడు.
వాడి గొంతు కూడా ఒకసారి పైకీ కిందకీ కదిలింది,
ఖాళీగా.

తర్వాత తన సీసా ఎత్తి వెలుతుర్లో చూసుకున్నాడు.
ఇంకా రెండు గీతలుంది.
మూత బిగించి పక్కన పెట్టేసి
"ఇంకో గ్లాసు" అన్నాడు.